ఆపరేషన్ తడి గచ్చు

పుట్టింది మొదలు సముద్రం మీదే బతికిన లక్ష్ముడు మోకాలి లోతు నీళ్ళలో మునిగి చచ్చిపోయాడు. పోలీసులు అలాగే రాసుకున్నారు. తాగి ఉన్నాడని కూడా రాసుకున్నారు. లక్ష్ముడు జన్మలో మందు ముట్టలేదని పెంటకోటలో ఎవర్నడిగినా చెబుతారు, కానీ ఎవర్నీ అడగలేదు.

ఆ వార్త నర్సీపట్నం చేరిన మర్నాడు పొద్దున్న, అబీద్ సెంటర్‌కి కాస్త ఎడంగా ఎరువుల కొట్టు మీది మేడగదిలో, ఉమామహేశ్వరరావు బోర్డు మీద ‘మోల్’ అని ఇంగ్లీషులో రాసి వెనక్కి తిరిగాడు. ఊరికి అతను స్పోకెన్ ఇంగ్లీష్ ఉమా సార్. ఢిల్లీలో తలుపు మీద పేరు లేని ఒక ఆఫీసుకి మాత్రం ఏజెంట్ టీ-నైన్. రాత్రంతా కంటి మీద కునుకు లేదు. లక్ష్ముణ్ణి ఈ పనిలోకి దింపింది తనే.

“ఇంత చిన్న మాటకి ఎన్ని అర్థాలున్నాయో చెప్పండి చూద్దాం.”

“పుట్టుమచ్చ సార్,” అంది ముందు బెంచీ అమ్మాయి.

“కెమిస్ట్రీలో మోల్ సార్. నాకు సప్లీ తెప్పించింది అదే,” అన్నాడు వెనక నుంచి ఒకడు. క్లాసంతా నవ్వింది.

“గుడ్. పుట్టుమచ్చ అనే మోల్ పాత ఇంగ్లీషు మాట. అప్పట్లో మరక అని అర్థం. ఇంకో మోల్ జంతువు. మన పందికొక్కులాగా నేల తవ్వుతుంది, కళ్ళు సరిగా కనపడవు. దాని పాత పేరు మౌల్డ్‌వార్ప్. అంటే మట్టి ఎగజిమ్మేది. లోపల ఎంత గుట్టుగా తిరిగినా పైన మట్టి పోగు పడుతుంది కాబట్టి దొరికిపోతుంది. ఇక సముద్రానికి అడ్డంగా బండరాళ్ళు పోసి కట్టే గోడ, అదీ మోలే. లాటిన్‌లో మోలెస్ అంటే పెద్ద గుట్ట. తమాషా ఏంటంటే, నీకు సప్లీ తెప్పించిన మోల్ కూడా ఆ ఇంటి పిల్లే. గుట్టకి బుల్లి రూపం మాలిక్యూల్, దాన్ని జర్మన్లు కుదించి మోల్ అన్నారు. ఒకటి కొండంత, ఒకటి కంటికి ఆననంత, తల్లి ఒక్కతే. మెక్సికో వాళ్ళ పులుసొకటి ఉంది, దాని పేరు మోలె. స్పెల్లింగ్ ఇదే, చుట్టరికం మాత్రం ఎవరితోనూ లేదు.”

“ఒకటి మర్చిపోయారు సార్.”

గుమ్మంలో పావని నిలబడి ఉంది. కోచింగ్ సెంటర్ ఫ్రంట్ ఆఫీసు ఆమెది. కూలింగ్ గ్లాసులు తలమీదికి తోసుకుని, గడ్డం మీద నల్లటి పుట్టుమచ్చతో, నెమలికంఠం రంగు చీరలో ఆమె మెట్లెక్కుతుంటే కింద ఎరువుల కొట్టులో తూకాలు తప్పేవి. అడ్మిషన్లలో సగం ఆమె పుణ్యమేనని ఊళ్ళో అనుకుంటారు. ఆమె కూడా అదే ఆఫీసు మనిషని, ఏజెంట్ టీ-టెన్ అని ఎవరికీ తెలియదు.

“స్పై,” అంది పావని నవ్వుతూ. “మనలోనే ఉంటూ అవతలి వాళ్ళకి పనిచేసేవాడు. అది ఎక్కణ్ణుంచి వచ్చింది సార్?”

“ఆ జంతువు నుంచే. కథల్లో వాడి వాడి పాపులర్ చేశారు, తర్వాత గూఢచారులే దాన్ని తగిలించుకున్నారంటారు.”

“మీకు ఫోన్ సార్. ఎవరో పెద్దాయన. మేనకోడలికి ఆర్టికల్స్ రావట్లేదట.”

అది కోడ్. చీఫ్ మాట్లాడాలంటున్నాడు. ఉమామహేశ్వరరావు క్లాసుకి ఏదో రాసుకోమని చెప్పి పైన డాబా మీదికి వెళ్ళాడు. వాటర్ ట్యాంకు వెనక, లాంగ్వేజ్ ల్యాబ్‌లో పనికిరాదని పడేసిన టేప్‌రికార్డర్ ఒకటి ఉంది. దాని మూత కింద సెక్యూర్ సెట్.

“టీ-నైన్.”

“జగదీశ్వరరావు హియర్,” అంది విశాఖపట్నం నుంచి గొంతు. “బ్రీఫింగ్ బ్రీఫ్‌గానే. కొత్త రేవులోకి రేపు సబ్‌మెరైన్ వస్తోంది. బ్రేక్‌వాటర్ రాళ్ళ సందున ఫాల్క్ ముఠా నీళ్ళలో శబ్దాలు వినే హైడ్రోఫోన్ పెట్టింది. సబ్‌మెరైన్ ప్రొపెల్లర్ శబ్దం ఒక్కసారి రికార్డయితే, ఇక అది ఏ సముద్రంలో తిరిగినా వాళ్ళు గుర్తుపడతారు.”

“డైవర్లు?”

“వెతికారు, వాళ్ళకి దొరకలేదు. అక్కడ రాళ్ళు కొండంత ఉన్నాయి. చోటు చూసింది ఇద్దరు. వాళ్ళ వల దానికే చిక్కుకుంది. ఒకడు లక్ష్ముడు. రెండోవాడు నీ దగ్గరున్నాడు.”

రెండోవాడు సింహాద్రి. చోటెక్కడో నోటితో చెప్పమంటే చెప్పలేడు. పెంటకోట జాలర్లకి సముద్రంలో చోటు గుర్తుండేది కొండల్ని బట్టి. పడవ మీద నుంచి ఒడ్డుకి చూసి, ఏ కొండ భుజానికి ఏ తాడిచెట్టు తగిలిందో, ఏ గుట్ట వెనక ఏ గోపురం దాక్కుందో, దాన్ని బట్టి వల వేస్తారు. “ఒడ్డున కూకోబెట్టి అడిగితే ఎలగ సెప్పను మేస్టారూ? నన్ను పడవెక్కించండి, ఏలు పెట్టి సూపెడతాను,” అన్నాడు. వాయుగుండం వల్ల సముద్రం మీదికి ఎవర్నీ పోనివ్వడం లేదు. అందుకే గాలి తగ్గేదాకా అతన్ని తీరానికి దూరంగా పెదబొడ్డేపల్లిలో అద్దె ఇంట్లో దాచారు. జాలరిని మెట్టలో ఎవరు వెతుకుతారు?

“సాయంత్రం నేవీ టీమ్ వచ్చి తీసుకెళ్తుంది. కోడ్ రాసుకోకు, విను. ‘జీడిమామిడి పూత ఎలా ఉంది’ అంటారు. ‘మంచుకి మాడింది’ అనాలి. అందాకా అతను గడప దాటకూడదు. ఇంకో మాట. లక్ష్ముడి పేరు ముగ్గురికే తెలుసు. నీకు, నాకు, పావనికి.”

ఉమామహేశ్వరరావుకి ఎండలో చలి పుట్టింది.

“మనలో ఒకరు మోల్ అంటారా సార్?”

“నన్ను కూడా అనుమానించు. ఇట్స్ యాన్ ఆర్డర్.”

అతను ట్యాంకుకి చేరగిలబడ్డాడు. సింహాద్రిని తీసుకొచ్చిన రోజు అతని భార్య కొండలమ్మ చేపలబుట్ట దించి, దారికి అడ్డంగా నిలబడింది. “ఆడికి సదువు లేదు, అబద్దమాడ్డం రాదు. తవరు మాటిత్తేనే పంపుతాను మేస్టారూ,” అంది. అతను మాటిచ్చాడు. లక్ష్ముడికైతే ఎవరూ ఏ మాటా ఇవ్వలేదు. ఈ ఒక్క మనిషి కూడా పోతే తను బోర్డు ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడాలి?

మధ్యాహ్నం క్లాసు సగంలో ఉండగా పావని ఫోన్ చేసింది. సింహాద్రికి పగటి కాపలా ఆమెదే, అప్పగింత కోడ్ కూడా ఆమెకి తెలుసు; ఉన్నట్టుండి మారిస్తే అనుమానం బయటపడుతుందని అతను ఆమెని పెదబొడ్డేపల్లి వెళ్ళనిచ్చాడు.

“సార్, పార్సెల్ వెళ్ళిపోయింది.”

“సాయంత్రం కదా?”

“ముందే వచ్చారు సార్. తెల్ల బండి. పూత సంగతి అడిగారు, కోడ్ కరెక్ట్‌గా చెప్పారు. ఐడీలు చూశాను. ఆయన కూడా సంతోషంగానే ఎక్కాడు. రాత్రికల్లా వచ్చేస్తాడట.”

ఉమామహేశ్వరరావు చీఫ్‌కి ఫోన్ చేశాడు. స్విచాఫ్. పెద్ద మీటింగుల్లో చీఫ్ ఫోన్ స్విచాఫ్‌లో ఉండటం మామూలే. టైం మార్చి చెప్పకపోవడం కూడా ఆఫీసుకి మామూలే. అయినా క్లాసు వదిలేసి మోటార్ సైకిల్ మీద బయల్దేరాడు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పిస్టల్ పెద్ద డిక్షనరీ వెనకాలే ఉండిపోయింది.

ఆ ఇల్లు ఊరి చివర చెరకు తోటల పక్కన ఉంది. బండి గేటు దగ్గర ఆపి లోపల కాలు పెట్టగానే జర్రుమని జారింది. తలుపు పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

“చూసుకుని సార్,” అంది పావని వంటింట్లోంచి వస్తూ. “తడిగా ఉంది.”

గచ్చంతా అద్దంలా మెరుస్తోంది. ఫినాయిల్ వాసన. చీపురు గోడకి ఆనించి ఉంది, దాని కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి. సింహాద్రి చాప చుట్టి మూల నిలబెట్టి ఉంది.

అతను రెండడుగులు వేసి ఆగిపోయాడు.

కోటవురట్ల దగ్గర పల్లెలో అతని తల్లి ఇప్పటికీ అతను ఊరెళ్తే చీపురు ముట్టుకోదు. బస్సెక్కానని కాదు, చేరానని ఫోన్ చేయాలి. అందాకా కాలికి ఇసకే తగలనీ, మెతుకులే తగలనీ, ఇల్లు అలాగే ఉంటుంది. మనిషి గడప దాటిన వెంటనే ఊడ్చి కడిగేది ఒకేసారి. శవం లేచిన తర్వాత. ఈ చుట్టుపక్కల రైతుల ఇళ్ళలోనైనా, తీరం మీద జాలర్ల ఇళ్ళలోనైనా, చంటిపిల్లకి కూడా ఆ సంగతి తెలుసు. పావని పుట్టింది పాయకరావుపేటలో. తెలియక చేసే మనిషి కాదు.

రాత్రికి తిరిగొచ్చే మనిషి వెనక ఆమె ఇల్లు కడగదు. కడిగిందంటే, ఆమె మనసులో సింహాద్రి అప్పుడే చచ్చిపోయాడు.

ముఖం మారనివ్వలేదు, ఇన్నేళ్ళ ఉద్యోగం ఆ మాత్రం నేర్పింది. చెత్తబుట్టలోకి ఓరగా చూశాడు. ఊడ్చిన దుమ్ములో ఒక తెల్ల చొక్కా గుండీ. సింహాద్రి చొక్కాకి తను దగ్గరుండి కుట్టించిన ట్రాకర్ అది. అంటే సింహాద్రి ఇప్పుడు ఎక్కడున్నాడో చెప్పేది ఈ లోకంలో ఏదీ లేదు. ఈ ఆడపిల్ల తప్ప.

మెడ పట్టుకుని అడిగితే చెప్పదు. ట్రైనింగ్ తనే ఇచ్చాడు.

“మంచి పని జరిగింది,” అన్నాడు చెమట తుడుచుకుంటూ. “పీడ వదిలింది. ఇక ఆ ప్లేటు సంగతి నేవీ వాళ్ళే చూసుకుంటారు.”

“ఏ ప్లేటు సార్?”

“నీకు చెప్పలేదా? వల చిక్కుకున్నప్పుడు లక్ష్ముడు ఆ హైడ్రోఫోన్ డబ్బా మీంచి ఇత్తడి ప్లేటొకటి పీకాడట. కంపెనీ పేరు, సీరియల్ నంబరు అన్నీ దాని మీద ఉన్నాయి. ఏ దేశానిదో ప్రపంచానికంతా తెలిసిపోతుంది. సింహాద్రి ఎక్కడో దాచాడు. వాడికొక్కడికే తెలుసు.”

పావని కనురెప్పలు ఒక్కసారి ఎక్కువగా కొట్టుకున్నాయి. అంతే.

“నేను సెంటర్‌కి వెళ్తున్నా. తాళం వేసుకుని రా,” అన్నాడు. వెళ్తూ వెళ్తూ జేబులో పెన్ను తీసి, ఏదో గుర్తొచ్చినట్టు కిటికీ అంచు మీద పెట్టి మర్చిపోయాడు. ఆ పెన్ను రాయదు, వింటుంది.

బయటికొచ్చి చూస్తే మోటార్ సైకిల్ వెనక టైరు నేలకి అతుక్కుపోయి ఉంది. తను వెంటపడకుండా, లోపల గచ్చు చూస్తున్నప్పుడే ఫాల్క్ ముఠావాడెవడో కోసి పోయాడు. గేటు పక్కన ఆమె స్కూటర్ మాత్రం నిగనిగలాడుతోంది. అతను గోడవారగా నడిచి చెరకు తోట మలుపులో నిలబడి చెవిలో ఇయర్‌పీస్ పెట్టుకున్నాడు.

“ఫాల్క్, స్టాప్!” ఫోన్‌లో మాట్లాడుతున్న పావని గొంతు. “ఏంటీ, పొగ పెట్టేశారా? బయటికి లాగండి! వాడి దగ్గర ప్లేటుంది... నేనే అడుగుతా. కృష్ణదేవిపేట రోడ్డే కదా, మన జీడిపిక్కల షెడ్డుకి వస్తున్నా.”

స్కూటర్ దుమ్ము లేపుకుంటూ పోయింది.

ఫాల్క్ ఎవరో ఉమామహేశ్వరరావుకి తెలుసు. జీడిపప్పు ఎగుమతి పేరుతో ఊరికి దూరంగా ఓ పాత షెడ్డు అద్దెకి తీసుకున్న విదేశీయుడు. అందరికీ చాక్లెట్లు పంచేవాడు. రుజువు దొరక్క ఇంతకాలం బయటే తిరుగుతున్నాడు. ఇప్పుడు సీజన్ కాదు, షెడ్డు మూత. పిక్కలు కాల్చే గదిలో ఓ దొంగ నిద్రపోయి పొగకి చచ్చాడంటే పోలీసులు అలాగే రాసుకుంటారు.

తన అబద్ధం ఎంతసేపు నిలబడుతుంది? సింహాద్రిని మొదటి ప్రశ్న అడిగేదాకా. వాడికి అబద్ధం ఆడటం రాదు. ‘ఉందండీ, దాచానండీ’ అని ఒక్క మాట అంటే బతుకుతాడు. అనడు. లేదనే అంటాడు. ఆ సంగతి తలచుకుంటే ఏడుపొచ్చింది అతనికి.

షేర్ ఆటో ఒకటి వచ్చి మలుపులో ఆగింది. అందులోంచి స్టీలు క్యారియర్ పట్టుకుని కొండలమ్మ దిగింది.

“ఏటి మేస్టారూ, ఎండలో నిలబడ్డారు? ఆడికి సందువా సేప పులుసు తెచ్చినాను. ఇంటికాడే ఉన్నాడు గదా?”

ఈమెకి ఏం చెప్పాలి? “ఎక్కు కొండలమ్మా. బేగి ఎక్కు,” అన్నాడు. ఇంగ్లీషు సార్ నోట్లోంచి కోటవురట్ల మాట ఊడిపడింది. “ఆటో తిప్పు బాబూ. కృష్ణదేవిపేట రోడ్డు.”

డ్రైవర్ సోములు వెనక్కి తిరిగి లోపలున్న వాళ్ళని చూపించాడు. “ఈలందరూ బలిఘట్టం దిగాలండి.”

“మనిషి ప్రాణం పోతోంది!”

ఒడిలో ఎరువు బస్తా పెట్టుకున్న ముసలాయన, “మరి సూత్తావేట్రా సోములు, పోనీ!” అన్నాడు. ఇక ఎవరూ బలిఘట్టం మాటెత్తలేదు.

ఆటో ప్రాణమంతా పెట్టి మూలుగుతూ పరిగెత్తింది. అయినా ముందు స్కూటర్ ఎక్కడా కనపడలేదు. కొండలమ్మ క్యారియర్ గుండెలకి హత్తుకుని అతని ముఖంలోకి చూసింది.

“మావోడికేటైనాది?”

“ఏం కాలేదు. కాకుండా ఉండటానికే వెళ్తున్నాం.”

“తవరు మాటిచ్చినారు.”

“ఇచ్చాను.”

ఆమె నాలుగు తిట్లు తిట్టినా బాగుండుననిపించింది అతనికి. తన దగ్గర ఆయుధం లేదు. చీఫ్ ఫోన్ ఇంకా స్విచాఫ్. మెసేజ్ అయితే పెట్టాడు కానీ విశాఖ నుంచి ఎవరొచ్చినా అంతా అయిపోయాకే వస్తారు. జీవితంలో మొదటిసారి దేవుడికి దండం ఎలా పెట్టాలో కూడా గుర్తురాలేదు.

మలుపు తిరగ్గానే జీడితోటల మీద పొగ కనిపించింది. మూతపడ్డ షెడ్డు చిమ్నీ నుంచి నల్లగా, జిడ్డుగా లేస్తోంది.

ఆటోని గేటు దగ్గరే ఆపమని, “ఇలాంటి షెడ్లలో కాల్చే గదికి వెనక, బయటి వైపు ఇంకో తలుపుంటుంది. నేను ముందు నుంచి వెళ్తా, నువ్వు చుట్టూ తిరిగి వెళ్ళి అది తియ్యి,” అని కొండలమ్మకి చెప్పి అతను లోపలికి దూరాడు.

షెడ్డులో జీడితొక్కల గుట్టలు, గోడవారగా తొక్కల నుంచి తీసిన నూనె డ్రమ్ములు. ఆ నూనె ఒంటిమీద పడితే చర్మం ఊడివస్తుంది. అందుకే ఆ పనిచేసే ఆడవాళ్ళు చేతులకి ఆముదం రాసుకోకుండా పిక్క ముట్టుకోరు. మధ్యలో సింహాద్రి మోకాళ్ళ మీద కూలబడి దగ్గుతున్నాడు. చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. ఎదురుగా పావని, ఆమె పక్కన ఎర్రటి ముఖంతో ఫాల్క్.

“ప్లేటు ఎక్కడ దాచావు?”

“ప్లేటేటమ్మా?” సింహాద్రి ఎగశ్వాసతో అన్నాడు. “నాకు తెల్దు. వలకి ఇనపడబ్బా తగిలినాది. వల కోసీసి వొచ్చీసినాం. అంతే.”

ఉమామహేశ్వరరావు కళ్ళు మూసుకున్నాడు. అనుకున్నంతా అయింది.

“వీడు నిజమే చెబుతున్నాడు,” అంది పావని మెల్లగా. “ఉమా సార్ నన్ను ఆడించారు. లోపల పడెయ్ ఫాల్క్!”

ఫాల్క్ సింహాద్రిని పొగగదిలోకి తోసి ఇనప తలుపు లాగి గడియ వేశాడు. ఉమామహేశ్వరరావు డ్రమ్ముల చాటు నుంచి దూకాడు. నాలుగడుగులు వేసేలోపే పావని చేతిలో పిస్టల్ అతని ఛాతీకి గురిపెట్టి ఉంది.

“అక్కడే ఆగండి సార్. ఫాల్క్, నువ్వు బండి తియ్.”

ఫాల్క్ బయటికి పరిగెత్తాడు. గదిలోంచి దగ్గు వినిపిస్తోంది. ఉమామహేశ్వరరావు చేతులెత్తి, ఒక్కో అడుగు పక్కకి జరుగుతూ, మాటల్లో పెట్టాడు. వెనక తలుపు దగ్గరికి కొండలమ్మ చేరాలి. చేరిందా? పొగలో ఏమీ కనపడటం లేదు.

“ఒక్కటి చెప్పండి సార్,” అంది పావని. పొగకి కళ్ళు నీళ్ళు కారి, గడ్డం మీది పుట్టుమచ్చ కరిగి నల్లటి గీతలా మెడ మీదికి జారింది. అది కూడా పెట్టుడుదే. “కోడ్ తప్పలేదు. ఐడీలు తప్పలేదు. నేనెక్కడ దొరికాను?”

“గచ్చు కడిగావు.”

ఆమెకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం పాలిపోయింది.

“మీ అమ్మ చెప్పలేదా, పావనీ? మనిషి ఊరెళ్ళగానే ఇల్లు ఊడవకూడదని?”

“చెప్పింది.” ఆమె గొంతులో పొగరు పోయింది. “నాన్న సముద్రం మీదికి వేటకెళ్తే మూడ్రోజులైనా ఊడ్చేది కాదు. నేనూ... బండి వెళ్ళిపోగానే చీపురు చేతిలోకి వచ్చేసింది సార్. వాడి కాళ్ళ గుర్తులు చూడలేకపోయాను. ఇక రాడు కదా అని...”

“మట్టి ఎగజిమ్మి దొరికే మోల్ గురించి పొద్దున్న చెప్పాను. మట్టి కడిగి దొరికినదానివి నువ్వే.”

గదిలో దగ్గు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం అతను భరించలేకపోయాడు. గురి, దూరం ఏదీ చూసుకోలేదు. పక్కనున్న డ్రమ్ములో తేలుతున్న డబ్బాతో నూనె ముంచి విసిరాడు. పిస్టల్ పేలింది. బుల్లెట్ చెవి పక్కనుంచి పోయి రేకుకి తగిలింది. నూనె పావని చేతుల మీద పడింది. కెవ్వుమని పిస్టల్ వదిలేసి చేతులు దులుపుకుంటూ కూలబడింది.

అతను ఇనప తలుపు గడియ తీసి లోపలికి దూకేసరికి వెనక తలుపు అప్పటికే తెరుచుకుని ఉంది. దాని గడియ కాలిపోతోంది, దాన్ని చీరకొంగుతో పట్టుకుని లాగింది కొండలమ్మ. పొగలోంచి మొగుణ్ణి చంకల కింద చేతులేసి ఈడ్చుకొస్తోంది. బయట మట్టిలో పడుకోబెట్టి, చెంపల మీద ఎడాపెడా వాయించింది.

“లెగు! లెగరా నా అయ్య! సందువా పులుసు సల్లారిపోతన్నాది, లెగూ!”

సింహాద్రి కదల్లేదు. ఉమామహేశ్వరరావు ఛాతీ మీద చేతులేసి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. ‘లక్ష్ముడి మీద ఒట్టు, లెగు’ అని నోట్లోనే అనుకుంటూ నొక్కాడు. ఎంతసేపటికో ఓ పెద్ద దగ్గు. తర్వాత ఇంకొకటి.

“ఎందుకే అలగ కొడతన్నావు?” అన్నాడు సింహాద్రి బొంగురు గొంతుతో.

కొండలమ్మ అప్పుడు ఏడ్చింది.

గేటు దగ్గర హారన్ ఆగకుండా మోగుతోంది. ఫాల్క్ కారుకి అడ్డంగా సోములు షేర్ ఆటో ఆగి ఉంది. బలిఘట్టం దిగాల్సిన వాళ్ళంతా దాని చుట్టూ నిలబడి ఉన్నారు. ఫాల్క్ అద్దం దించి, చాక్లెట్ డబ్బా బయటికి చాపాడు. ఎరువు బస్తా ముసలాయన డబ్బా తీసుకుని, దాంతోపాటు కారు తాళం కూడా తీసేసుకున్నాడు.

మర్నాడు తెల్లవారుజామున గాలి తగ్గింది. నేవీ పడవలో సింహాద్రి ముందు కూర్చుని ఒడ్డునే చూశాడు. “ఇంకాస్త... ఆ కొండ బుజానికి తాడిసెట్టు తగలాల... ఆ, ఆపండి,” అని వేలు పెట్టి చూపించాడు. డైవర్లు ఒక్క మునకలో హైడ్రోఫోన్‌ని రాళ్ళ సందులోంచి పీకి పైకి తెచ్చారు. ఆ తర్వాత కాసేపటికే సబ్‌మెరైన్ ఏ చెవికీ చిక్కకుండా రేవులోకి వచ్చింది. పావని చేతులకి కట్లతో పోలీసుల కాపలాలో ఆసుపత్రిలో ఉంది. ఆమె గురించి తలచుకుంటే ఉమామహేశ్వరరావుకి కోపం కంటే దిగులే ఎక్కువగా వచ్చింది. చేతిలోకి వచ్చేసిన ఆ చీపురు అబద్ధం ఆడలేకపోయింది పాపం.

సింహాద్రిని అతనే పెంటకోటలో ఇంటికి దిగబెట్టాడు. కొండలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఇల్లంతా ఇసక, మెతుకులు, చేప పొలుసులు. మొగుడు ఇల్లు వదిలి వెళ్ళిన రోజు నుంచి చీపురు మూల నుంచి కదల్లేదు. సింహాద్రి గడప దాటి లోపలికి రాగానే ఆమె కొంగు దోపి చీపురందుకుంది.

“కాళ్ళు పైకెట్టుకోండి ఇద్దరూ! పీకల్దాకా పేరుకుపోయినాది!”

ఫోన్ మోగింది. చీఫ్. “వెల్ డన్, టీ-నైన్. రిపోర్టులో మోల్‌ని ఎలా కనిపెట్టావని రాయాలి? టెక్నికల్ సర్వైలెన్స్ అని రాయనా?”

“తడి గచ్చు అని రాయండి సార్.”

“వాట్?”

“రాయండి సార్. అర్థం అయ్యేవాళ్ళకి అవుతుంది,” అని ఫోన్ పెట్టేసి, “వస్తాను కొండలమ్మా, క్లాసుంది,” అంటూ లేచాడు.

సగం ఊడ్చిన ఇంటి మధ్యలో కొండలమ్మ ఆగిపోయింది. అతను గడప దాటుతుంటే చీపురు తీసుకెళ్ళి మూల పెట్టేసింది. చెత్త పోగు అలాగే ఉంది.

“మిగతాది తవరు సేరినాక ఊడుత్తాను మేస్టారూ. ఎల్లగానే ఫోన్ సెయ్యండి.”

పాయకరావుపేటలో బస్సు దొరికేసరికి ఆలస్యమైంది. నర్సీపట్నంలో దిగి, ఎరువుల కొట్టు మెట్లెక్కి, బోర్డు మీద ఇంకా చెరపని ‘మోల్’ ముందు నిలబడి, ఏజెంట్ టీ-నైన్ తన సర్వీసులోకెల్లా ముఖ్యమైన మెసేజ్ ఫోన్‌లో చెప్పాడు.

“కొండలమ్మా, ఇక ఊడ్చుకో.”